అరవై మూడో నంబరు గది

తద్దినం, పిల్లి కథ మీలో చాలా మందికి తెలిసే ఉంటుంది. ఒకాయన ఇంట్లో తద్దినం పెడుతుంటే పెంపుడు పిల్లి వచ్చి విస్తట్లో మూతి పెడుతోందని దాన్ని గంప కింద మూశాడు. ఆయన కొడుకు అది చూశాడు. తర్వాత కాలంలో కొడుకు తద్దినం పెట్టాల్సి వచ్చినప్పుడు ఇంట్లో పిల్లి లేదు. పక్కింటి నుంచి అరువు తెచ్చి మరీ గంప కింద మూశాడు. ఆ కథను నేను ఢిల్లీలో మా సంఘం సమావేశాల్లో ఇరవై ఏళ్ళ పాటు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ జనం నవ్వారు, నేనూ నవ్వాను. అలాంటి పిల్లులు నా కంప్యూటర్లోనే రెండున్నాయని తెలిసేటప్పటికి నాకు యాభై దాటాయి. ఈ వ్యాసం ఆ రెండు పిల్లుల చరిత్ర.

2010 డిసెంబరు సంగతి. నేను మయూర్ విహార్‌లో ఉంటాను. మా సంఘం చిన్నది. నోయిడా, ద్వారక, గుర్గావ్ నుంచి నెలకోసారి ఓ పాతిక మంది వచ్చేవాళ్ళం. సంఘానికి ఆస్తి అంటూ ఏదైనా ఉందంటే అది ఒక 80 జీబీ హార్డ్ డిస్క్. మేమంతా మాస్టారు అని పిలుచుకునే పెద్దాయన ఒకరు ఉండేవారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిగా ఢిల్లీ వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. 2008లో పోయారు. ఆయన ప్రసంగాల క్యాసెట్లను 2004లో కంప్యూటర్లోకి ఎక్కించి ఆ డిస్కులో పెట్టాం. తర్వాత ఒక ఇల్లు మారే గొడవలో అసలు క్యాసెట్లు పోయాయి. పాత పత్రికల కాగితాలు స్కాన్ చేసినవి కూడా అందులోనే ఉన్నాయి. చిన్న చిన్న ఫైళ్ళు, దగ్గర దగ్గర లక్ష. మొత్తం ఆరు జీబీ.

ఆ డిసెంబరులో డిస్క్ టిక్ టిక్ మనడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విన్నవాళ్ళకి తెలుస్తుంది, అది మంచి శకునం కాదు (ఈ మాట నా నోట వచ్చినందుకు క్షమించాలి). మర్నాడే నెహ్రూ ప్లేస్ వెళ్ళి ఒక టెరాబైట్ కొత్త డిస్క్ కొన్నాను. నెహ్రూ ప్లేస్ తెలియని వాళ్ళకు చెప్పాలంటే, దక్షిణ ఢిల్లీలో కంప్యూటర్ సామాన్లకు అది పెద్ద సంత. దుకాణం గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. కౌంటర్లో కూర్చున్న కుర్రాడితో దాని మీద చిన్న వాదన కూడా పెట్టుకున్నాను. ఆ వాదన ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది. కారణం ముందు ముందు మీకే తెలుస్తుంది.

పాత డిస్కును యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, కొత్తదాన్ని కంప్యూటర్ లోపల బిగించి, నా దగ్గరున్న పాత లినక్స్ సీడీతో పార్టిషన్ చేసి కాపీ మొదలుపెట్టాను. మొదటి వరుసలో ఉన్నవి స్కాన్ కాగితాలు. కాపీ సెకనుకు 400 కిలోబైట్ల దగ్గర పాకుతోంది. లెక్క వేస్తే ఒక్క కాగితాలకే నాలుగు గంటలకు పైగా. యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. అందులో సగం వచ్చినా నేను అడిగేవాణ్ణి కాదు. నూటికి ఒక వంతు కూడా రావడం లేదు. ఎక్కడో తప్పుందని కాపీ ఆపేశాను. ముందు వేగం సంగతి తేల్చి, తర్వాత అంతా ఒకేసారి కాపీ చేద్దాం అనుకున్నాను. నా మొదటి తప్పు అదే.

సలహాలకు కొదవ లేదు. ఒకాయన వైరస్ అన్నారు. ఒకాయన యూఎస్‌బీ కేబుల్ మార్చమన్నారు. ఇంకొకాయన, "లినక్స్ మనకి అచ్చిరాదండీ, విండోస్ వేసెయ్యండి" అన్నారు. అచ్చిరాదు అన్నది ఒక హేతువాద సంఘం సభ్యుడు! నేను మాత్రం ధీమాగా ఉన్నాను. నా దగ్గర ఒక మంత్రం ఉంది మరి.

ఆ మంత్రం పేరు హెచ్‌డీపార్మ్. దాని పుట్టుక చెప్పాలి. 1990లలో మన కంప్యూటర్లలో ఉండే ఐడీఈ డిస్కులు రెండు రకాలుగా పనిచేసేవి. మొదటిది పీఐఓ. అందులో డిస్క్ నుంచి వచ్చే ప్రతి ముక్కనూ ప్రాసెసరే స్వయంగా మోసుకెళ్ళి మెమరీలో పెట్టాలి. ఆఫీసరే ఫైళ్ళ కట్టలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కడం లాంటిది. రెండోది డీఎంఏ. అందులో మోసే పని వేరే చిప్ చూసుకుంటుంది, ప్రాసెసర్ తన పని తాను చేసుకుంటుంది. 1990ల చివర్లో వచ్చిన అల్ట్రా డీఎంఏ సెకనుకు 33 మెగాబైట్లు, తర్వాత 66, 100 దాకా పోగలిగేది. కానీ ఆ రోజుల లినక్స్‌లో చాలా చోట్ల డీఎంఏ దానంతటది మొదలయ్యేది కాదు. దానికి కారణం బద్ధకం కాదు, భయం. సీఎండీ 640, ఆర్‌జెడ్ 1000 అనే చిప్‌లు డేటాను పాడుచేస్తాయని 1990ల మధ్యలో బయటపడింది. 2001లో వయా వారి 686బి చిప్ మీద కూడా అలాంటి గొడవే వచ్చింది. అందుకని లినక్స్ రాసేవాళ్ళు జాగ్రత్త కొద్దీ ఆ పని యజమానికే వదిలేశారు. మార్క్ లార్డ్ అనే కెనడా ప్రోగ్రామర్ రాసిన హెచ్‌డీపార్మ్‌తో డీఎంఏను మనమే మొదలుపెట్టుకోవాలి.

అప్పట్లో పీసీ క్వెస్ట్ పత్రిక సీడీల మీద లినక్స్ పంచేది. నా మొదటి లినక్స్ అలా వచ్చిందే. నెమ్మదిగా ఉందని ఏడుస్తుంటే ఒక మిత్రుడు ఆ ఒక్క లైను రాసిచ్చాడు. సెకనుకు 4 మెగాబైట్లు ఉన్నది 18 అయింది. నా కళ్ళతో చూశాను. ఆ క్షణం నుంచి నేను భక్తుణ్ణి. కంప్యూటర్ లేచిన ప్రతిసారీ ఆ లైను నడిచేలా పెట్టుకున్నాను. కంప్యూటర్లు మారాయి, డిస్కులు మారాయి, లినక్స్ మారింది. ఆ లైను మాత్రం పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి దేవుడి పటంలా నా వెంట వచ్చింది.

కాబట్టి 2010లో కూడా మంత్రమే జపించాను. అక్షరాలు మార్చి, ఒకటి చేర్చి, ఒకటి తీసి మళ్ళీ మళ్ళీ నడిపాను. పరీక్ష కూడా చేశాను, నేను హేతువాదిని కదా! 80 మెగాబైట్ల చిన్న ఫోల్డర్ ఒకటి తీసుకుని కాపీ చేస్తే 40 సెకన్లు పట్టింది. మంత్రం నడిపి అదే ఫోల్డర్ మళ్ళీ కాపీ చేస్తే 4 సెకన్లు! పది రెట్లు! ఆ ఆదివారం సమావేశంలో గర్వంగా ప్రకటించాను కూడా. ఇంటికొచ్చి అసలు కాపీ మొదలుపెడితే మళ్ళీ అదే నత్త నడక. ఏదో అక్షరం తప్పు పలికానేమో అనుకుని మళ్ళీ మొదటికొచ్చాను. మంత్రం పనిచేయకపోతే తప్పు మంత్రానిది కాదు, జపించేవాడి ఉచ్చారణది. ఈ వాదన ఎక్కడో విన్నట్టు లేదూ? ఇలా మూడు వారాలు గడిచాయి.

మా సభ్యుల్లో నోయిడాలో ఉద్యోగం చేసే ఒక కుర్రాడు ఉండేవాడు. జనవరిలో ఇంటికొచ్చాడు. నేను పరీక్ష చేసి చూపించాను. అతను ఒకటే అడిగాడు.

"అంకుల్, వరస తిరగేసి చేశారా?"

"అంటే?"

"ముందు మీ మంత్రంతో ఒకసారి, తర్వాత మంత్రం లేకుండా ఒకసారి."

కంప్యూటర్ ఆపి, మళ్ళీ లేపి, అలాగే చేశాం. మంత్రంతో 40 సెకన్లు. మంత్రం లేకుండా 4 సెకన్లు. నాకు నోట మాట రాలేదు.

విషయం ఇది. లినక్స్ ఒకసారి చదివిన ఫైలును ఖాళీగా ఉన్న మెమరీలో దాచుకుంటుంది. రెండోసారి అడిగితే డిస్క్ దాకా వెళ్ళదు. రాయమన్నప్పుడు కూడా మెమరీలోకి తీసుకుని "అయిపోయింది" అంటుంది, డిస్క్ మీద తర్వాత తీరిగ్గా రాస్తుంది. నా ఫోల్డర్ 80 మెగాబైట్లు, మెమరీ 2 జీబీ. కాబట్టి రెండోసారి ఏం చేసినా 4 సెకన్లే. నేను హెచ్‌డీపార్మ్ బదులు గాయత్రి చదివినా 4 సెకన్లే.

ఇక్కడ మాస్టారు గుర్తొచ్చారు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న వార్త ఢిల్లీలోనే పుట్టి, సాయంత్రానికి దేశమంతా పాకింది. ప్రభుత్వ శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి చూపించారు. చెంచాలోని పాలు తలతన్యత వల్ల విగ్రహానికి అంటుకుని, పల్చటి పొరగా కిందికి జారిపోతున్నాయని ఆ రంగు పట్టిచ్చింది. మాస్టారు ఆ వారంలోనే మా సమావేశంలో ఒక రాతి బొమ్మ, చెంచా పట్టుకుని ఒక ప్రసంగం చేశారు. పాలు చెంచాలోంచి పోయాయన్నది నిజం, అవి ఎక్కడికి పోయాయి అన్నదే ప్రశ్న, కింద పళ్ళెం పెట్టి చూడండి అన్నది దాని సారాంశం. నా 36 సెకన్లు ఎక్కడికి పోయాయో నేను పళ్ళెం పెట్టి చూడలేదు.

ఆ కుర్రాడు అంతటితో వదల్లేదు. "అసలు ఆ లైను నడుస్తోందా అంకుల్?" అన్నాడు. నడిపి, కింద వచ్చిన సందేశం నాతోనే చదివించాడు. ఈ పరికరానికి ఈ ఆజ్ఞ తగదు, డీఎంఏ మార్చడం కుదరలేదు అని అందులో స్పష్టంగా ఉంది. 2006, 2007 ప్రాంతాల నుంచి లినక్స్‌లో ఐడీఈ డిస్కుల పని కూడా లిబ్‌ఏటీఏ అనే కొత్త విభాగం చేతికి వెళ్ళింది. కొత్త సాటా డిస్కులు ఎలాగూ దాని కిందే ఉన్నాయి. డీఎంఏ సంగతి అదే చూసుకుంటుంది, మన జోక్యం ఒప్పుకోదు. అంటే నా మంత్రం కొన్నేళ్ళుగా కంప్యూటర్ లేచిన ప్రతి ఉదయం విఫలమవుతూనే ఉంది. ఆ మాట తెర మీద వచ్చి పోతూనే ఉంది. నేను ఒక్కనాడూ చదవలేదు. ఇది నా మొదటి పిల్లి. ఒకప్పుడు ఇంట్లో నిజంగా పిల్లి ఉంది, గంపకు అర్థం ఉంది. పిల్లి పోయాక కూడా నేను గంప బోర్లిస్తూనే ఉన్నాను.

అప్పుడు అసలు వెతుకులాట మొదలైంది. మొదటి రోజే చేయాల్సిన పని ఒకటుంది, పనిని రెండుగా విడగొట్టడం. పాత డిస్క్ నుంచి చదివి, ఎక్కడా రాయకుండా పారేసి చూశాం. పెద్ద ఫైళ్ళు సెకనుకు 25 మెగాబైట్ల పైనే చదువుతోంది. కాబట్టి కేబుల్, యూఎస్‌బీ, పాత డిస్క్ మూడూ నిర్దోషులు. దోషం రాయడంలో ఉంది, అంటే కొత్త డిస్కులో. అందులోనూ పెద్ద ఫైళ్ళు రాస్తే ఫరవాలేదు, చిన్న ఫైళ్ళు రాస్తేనే పాకుతోంది. కుర్రాడు పార్టిషన్ పట్టిక తీసి చూశాడు. మొదటి పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలైంది. "ఇదీ" అన్నాడు.

రెండో పిల్లి చరిత్ర ఇంకా పాతది. మొదటి హార్డ్ డిస్క్ 1956లో ఐబీఎమ్ తెచ్చిన రామాక్. 24 అంగుళాల పళ్ళేలు యాభై, బరువు టన్ను పైన, పట్టేది సుమారు 50 లక్షల అక్షరాలు. పీసీల్లోకి హార్డ్ డిస్క్ వచ్చింది 1983లో, ఐబీఎమ్ ఎక్స్‌టీతో. 10 మెగాబైట్లు. అందులో ఒక్కో వలయానికి 17 సెక్టార్లు, ఒక్కో సెక్టార్ 512 బైట్లు. మొదటి వలయంలో మొదటి సెక్టార్‌లో పార్టిషన్ పట్టిక పెట్టి, ఆ వలయంలో మిగతాది వదిలేసి, పార్టిషన్‌ను తర్వాతి వలయం నుంచి మొదలుపెట్టడం ఆచారం. అంటే 17 నుంచి. తర్వాత డిస్కులు పెరిగాయి. బయోస్‌లో సెక్టార్ నంబరు రాయడానికి ఇచ్చిన చోటు ఆరు బిట్లు, లెక్క ఒకటి నుంచి మొదలు. కాబట్టి వలయానికి గరిష్ఠంగా 63. అందరూ 63 అని రాసుకోవడం మొదలుపెట్టారు. 1990ల నాటికే డిస్కుల లోపల బయటి వలయాల్లో ఎక్కువ, లోపలి వలయాల్లో తక్కువ సెక్టార్లు ఉండేవి. 63 సెక్టార్ల వలయం అనేది ఉత్త కల్పన. అయినా పార్టిషన్ 63 దగ్గరే మొదలయ్యేది. ఎందుకని అడిగినవాళ్ళు తక్కువ. నష్టం లేదు కాబట్టి అడగాల్సిన పనీ పడలేదు.

2010 ప్రాంతంలో నష్టం వచ్చింది. డిస్కుల తయారీదారులు 512 బైట్ల సెక్టార్లు వదిలేసి 4096 బైట్ల సెక్టార్లకు మారారు. 2011 జనవరి నుంచి కొత్త నమూనాలన్నీ అలాగే ఉండాలని పరిశ్రమలో ఒప్పందం. అయితే పాత సాఫ్ట్‌వేర్ కంగారు పడకుండా డిస్క్ ఒక అబద్ధం ఆడుతుంది, నావి ఇంకా 512 బైట్ల గదులే అని. నిజానికి లోపల ఎనిమిది చిన్న గదులు కలిపి ఒక పెద్ద గది. 63 ఎనిమిదితో నిశ్శేషంగా భాగించబడదు. కాబట్టి నా ఫైళ్ళ 4 కిలోబైట్ల ముక్క ప్రతిదీ రెండు పెద్ద గదుల మీద అడ్డంగా పడుతోంది. ఒక ముక్క రాయాలంటే డిస్క్ ముందు ఆ రెండు గదులూ చదవాలి, అందులో కొంత కొంత మార్చాలి, ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాలి, అప్పుడు రాయాలి. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కులో ఒక చుట్టుకు 11 మిల్లీ సెకన్లు. సెకనుకు 90 చుట్లు. ప్రతి 4 కిలోబైట్లకు ఒక చుట్టు దండగైతే సెకనుకు 360 కిలోబైట్లు. నా నత్త నడక 400. లెక్క దాదాపు సరిపోయింది.

లెక్క సరిపోయినంత మాత్రాన నమ్మకూడదని అప్పటికి బుద్ధొచ్చింది. 500 మెగాబైట్ల కాగితాలు పక్కకు తీసి, కొత్త డిస్కును 63 దగ్గర మొదలుపెట్టి మూడు సార్లు, 64 దగ్గర మొదలుపెట్టి మూడు సార్లు రాశాం, ఒకటి విడిచి ఒకటి. ప్రతిసారీ మెమరీలో దాచినది ఖాళీ చేసి, ఆఖరి బైటు డిస్క్ మీద పడేదాకా గడియారం ఆపకుండా. 63తో 21, 20, 21 నిమిషాలు. 64తో 6, 6, 7. ఒక్క గది జరిపితే మూడు రెట్ల పైన తేడా. విండోస్ విస్టా 2007లోనే 63ను వదిలేసి ఒక మెగాబైట్ హద్దు నుంచి మొదలుపెట్టింది. లినక్స్ పార్టిషన్ పనిముట్లు 2010లో మారాయి. నా సీడీ అంతకంటే పాతది.

ఇక్కడితో ఆపితే ఇది విజయగాథ అయ్యేది. పార్టిషన్ సరిచేసి ఆ రాత్రే కాపీ మొదలుపెట్టాం. కాగితాలు వచ్చాయి. ప్రసంగాల దగ్గర పాత డిస్క్ మొరాయించింది. మూడు వారాల పాటు నేను మంత్రాలు జపిస్తూ పాత డిస్కును రోజూ తిప్పాను, కాపీ మొదలుపెట్టి ఆపాను, మళ్ళీ మొదలుపెట్టాను. ప్రతిసారీ కాగితాలతోనే. ప్రసంగాల దాకా ఒక్కసారీ పోలేదు. ఆ మొదటి రాత్రే నాలుగు గంటలు పడితే పట్టిందని వదిలేసి నిద్రపోయి ఉంటే, తెల్లారేసరికి అన్నీ వచ్చేవేమో. డీడీ రెస్క్యూతో రెండు రోజులు పోరాడితే చాలా వరకు దక్కింది. 1995 ప్రసంగంలో పదకొండు నిమిషాలు దక్కలేదు. రాతి బొమ్మ, పళ్ళెం పరీక్ష ఆ పదకొండు నిమిషాల్లోనే ఉంది. పైన నేను రాసిన సారాంశం నా జ్ఞాపకం మాత్రమే. జ్ఞాపకం సాక్ష్యంగా ఎంత పనికొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ కథ పాతబడిందని అనుకోవద్దు. పిల్లులు మారతాయంతే. మెమరీలో దాచి తర్వాత రాసే పద్ధతి వల్ల కాపీ గీత చకచకా నూరు శాతానికి పోయి, అక్కడ కదలకుండా కూర్చోవడం మీరూ చూసి ఉంటారు. చిన్న మెమరీల కాలంలో పెట్టిన శాతాలు ఇప్పటి పెద్ద మెమరీలకు సరిపోవని 2013లో లినస్ టోర్వాల్డ్సే అన్నాడు. తర్వాత పెంకులు పేర్చినట్టు వలయాల మీద వలయాలు రాసే ఎస్ఎంఆర్ డిస్కులు వచ్చాయి. అవి మొదట వేగంగా రాసి, లోపలి తాత్కాలిక చోటు నిండగానే చతికిలబడతాయి. తయారీదారులు కొన్ని నమూనాల్లో ఆ సంగతి కొనేవాళ్ళకు చెప్పకుండా అమ్మారని 2020 ఏప్రిల్‌లో బయటపడింది. బయటపెట్టింది కూడా "అచ్చిరాలేదు" అని ఊరుకోని మామూలు వాడకందార్లే.

కాబట్టి మీ కాపీ నెమ్మదిగా ఉంటే నా మాట ఇది. పాత డిస్క్ మూలుగుతుంటే వేగం సంగతి పక్కన పెట్టి, పోతే మళ్ళీ రానివి ముందు కాపీ చేసుకోండి. తర్వాత చదవడం వేరుగా, రాయడం వేరుగా కొలవండి. ఒకసారికి ఒకటే మార్చండి. వరస తిరగేసి చూడండి. తెర మీద వచ్చిన మాట చదవండి. ఇంటర్నెట్‌లో ఎవరో ఇచ్చిన లైను నడిపే ముందు అది ఏ సంవత్సరంలో, ఏ జబ్బుకు రాసిన మందో అడగండి.

నెహ్రూ ప్లేస్ కుర్రాడి నిమ్మకాయ కనీసం గుమ్మానికి, అందరికీ కనబడేలా వేలాడింది. నాది నాకే కనబడని చోట ఉంది. పిల్లి కథ ఇప్పటికీ సమావేశాల్లో చెబుతాను. కాకపోతే ఇప్పుడు గంప నాదే అని చెబుతాను. జనం ఇదివరకటి కంటే ఎక్కువే నవ్వుతున్నారు.